అన్నదానానికి డేట్ ఖాళీ లేదు

“ఆ రోజు మధ్యాహ్నం బుక్ అయిపోయిందమ్మా. రాత్రి భోజనం కూడా అయిపోయింది. మర్నాడు పొద్దున టిఫిన్ ఒక్కటే ఖాళీ. రాసుకోనా?”

ఫంక్షన్ హాల్ వాళ్లో, ట్రావెల్స్ వాళ్లో ఇలా మాట్లాడతారు. నేను ఫోన్ చేసింది మా ముదిగొండ మండలంలోనే ఉన్న ఒక చిన్న బడికి. బడి అంటే బడి ఒక్కటే కాదు. పగలు బడి, రాత్రి హాస్టల్. అదే ఆవరణలో అవతలి వరండాలో ఎవరూ లేని ముసలివాళ్లు తొమ్మిది మంది. ఊళ్లో వాళ్లు ‘ఆశ్రమం’ అంటారు. నడిపే మేడం మాత్రం ‘మా ఇల్లు’ అంటారు.

మా నాయనమ్మ పోయి ఏడాది అవుతోంది. సంక్రాంతి వెళ్లిన మూడో రోజు సంవత్సరీకం. చుట్టాలందరికీ వేట కోసి భోజనాలు పెట్టే బదులు, ఆ డబ్బుతో ఈ పిల్లలకి ఒక పూట మంచి భోజనం పెట్టిద్దామని ఐడియా నాదే. నాన్నకి పెద్దగా ఇష్టం లేదు. “పదిమంది వచ్చి తిని పోతేనే కదా పెట్టినట్టు” అన్నాడు. నేను పట్టుబట్టాను. స్వీటు, అప్పడం, పెరుగుతో సహా ఎంతవుతుందో లెక్క వేసుకున్నా. నాయనమ్మ ఫొటోతో చిన్న బ్యానర్ కూడా అనుకున్నా. తీరా చూస్తే డేటే లేదు!

“సంక్రాంతి వారం కదమ్మా. హైదరాబాద్ వాళ్లు, అమెరికా వాళ్లు అందరూ ఊళ్లోనే ఉంటారు. అందరికీ మేం ఈ వారమే గుర్తొస్తాం. ఆగస్టు పదిహేను, సంక్రాంతి, ఈ రెండు సార్లూ పిల్లలకి అరగక నేను వాము నీళ్లు తాగిస్తుంటా. జూన్‌లో ఫోన్ చేసేవాళ్లే ఉండరు.”

“మరి నన్నేం చేయమంటారు మేడం?”

“రండి. ఖాళీ చేతుల్తో రండి. చింతపండు గింజ తీయాలి, మనుషులు కావాలి.”

సరే అని బయల్దేరాను. ఆ ఊరి పేరు, ఆ ఇంటి పేరు ఇందులో రాయడం లేదు. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

స్కూటీ మీద ముదిగొండ మీదుగా వెళ్లాలి. బయటివాళ్లకి ముదిగొండ అంటే ఇప్పటికీ ఒకటే గుర్తు. 2007 జూలై 28. పేదలకి భూమి, ఇళ్ల స్థలాలు ఇవ్వాలని వామపక్షాలు రాష్ట్ర బంద్ చేసిన రోజు, ఇక్కడ పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు చనిపోయారు. నేనప్పుడు చిన్నపిల్లని. కొన్నాళ్లపాటు మమ్మల్ని ఆ సెంటర్‌కి వెళ్లనివ్వలేదు, అంతే నాకు గుర్తు. స్తూపం పక్క నుంచి స్కూల్ బస్సులో ఎన్నిసార్లు వెళ్లానో. కిటికీలోంచి చూసేదాన్ని, ఫోన్ వచ్చాక అదీ మానేశాను.

గేటు దగ్గర స్కూటీ ఆపగానే ఏడేళ్లు ఉంటాయేమో, ఒక బుడ్డోడు పరుగెత్తుకొచ్చాడు. బాగా నిద్రపోయి లేచిన జుట్టు. నన్ను పైనుంచి కిందకి చూసి అడిగాడు.

“అక్కా, నీ బర్త్‌డేనా, ఎవరైనా చచ్చిపోయారా?”

నాకు మాట రాలేదు. వాడేం వెటకారం చేయడం లేదు. కారులోనో బండి మీదో వచ్చే కొత్త మనుషులు వాడికి తెలిసి రెండే రకాలు. కేకు తెచ్చేవాళ్లు, ఫొటోకి దండ వేసి తెచ్చేవాళ్లు. మొదటి రకం అయితే వరసలో నిలబడి హ్యాపీ బర్త్‌డే పాడాలి. రెండో రకం అయితే తినే ముందు కళ్లు మూసుకుని దండం పెట్టాలి. ఏది రిహార్సల్ చేయాలో ముందే తెలిస్తే వాడికి సులువు.

“మా నాయనమ్మ చనిపోయింది” అన్నాను.

“ఐతే జిలేబీ ఉండదు” అని వెనక్కి పరుగెత్తాడు.

*

పెద్ద రేకుల షెడ్డు, రెండు పక్కా గదులు, ఒక వేపచెట్టు. షెడ్డులో సగం తరగతి గది, సగం పడకలు. గదిలో నాలుగు ఫ్యాన్లు. ప్రతి ఫ్యాను రెక్క మీదా ఎర్ర పెయింటుతో పేర్లు. ఫలానా వారి జ్ఞాపకార్థం, ఫలానా దంపతుల పెళ్లిరోజు సందర్భంగా. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ పేరు కనపడదు, కరెంటు పోతేనే కనపడుతుంది. ఆ కరెంటు బిల్లు కట్టినవాళ్ల పేరు మాత్రం ఎక్కడా రాసి లేదు.

దానం చేసినవాళ్లు లెక్క చెప్పుకోవడం మా ప్రాంతానికి కొత్తేమీ కాదులెండి. భక్త రామదాసు పుట్టింది మా పక్క మండలం నేలకొండపల్లిలోనే. పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉండి, వసూలైన పన్నుతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించి గోల్కొండ జైలు పాలయ్యాడు. జైల్లో కూర్చుని ఏ దేవుడికి ఏ నగ చేయించాడో పేరుపేరునా లెక్క చెప్పి మరీ నిలదీశాడు. ఆయనంటే పన్నెండేళ్లు జైల్లో ఉన్నాడు కాబట్టి చెల్లింది.

మేడం రిటైరైన గవర్నమెంట్ టీచర్. సర్వీసు చాలావరకు భద్రాచలం అవతల దుమ్ముగూడెం వైపు చేశారు. మా ఇద్దరి మధ్యా చింతపండు గుట్ట. ఆవిడ మాట్లాడుతూనే టకటకా గింజలు తీసి పడేస్తున్నారు. నేను ఒక్కటి తీసేలోపు ఆవిడవి నాలుగు అయ్యేవి.

“నా క్లాసులో డిసెంబర్ దాకా ముప్పై మంది ఉండేవాళ్లు. జనవరి వచ్చేసరికి పది. మిగతా వాళ్లేరిరా అంటే ‘కాయకి పోయిన్రు టీచర్’ అనేవాళ్లు. ఏం కాయో, ఎక్కడి కాయో నేను అడగలేదు. అడవి కాయలేమో అనుకున్నా మొదట్లో. మళ్లీ ఏప్రిల్ ఆఖరున వచ్చేవాళ్లు, చేతులన్నీ పగిలిపోయి. అప్పటికి పరీక్షలు అయిపోయేవి. రిటైరై మా ఊరొచ్చి చూద్దును కదా, ఇక్కడ చేలల్లో, కాలవ కట్ట మీద ఆ పిల్లలే. అక్కడ మాయమైనవాళ్లు ఇక్కడ దొరికారు.”

ఆ కాయ మిరపకాయ. మా కాయ.

ఖమ్మం మిర్చి గురించి తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. సాగర్ ఎడమ కాలువ కింద మాకు మిర్చి, పత్తి, వరి. ఇక్కడ ఎక్కువగా పండేది తేజా రకం. సన్నకాయ, మంట ఎక్కువ, ఎగుమతికి గిరాకీ. ఖమ్మం మార్కెట్ యార్డు ఎర్రగా ఉన్న ఫొటోలు మీరు చూసే ఉంటారు. కానీ పత్తికైనా కొన్నిచోట్ల మిషన్లు వస్తున్నాయి గానీ మిర్చికి ఇప్పటికీ చెయ్యే గతి. ఒక్కో కాయ తొడిమతో సహా వేళ్లతో తుంచాలి. ఒక చేను రెండు మూడు సార్లు కోయాలి. కోశాక కల్లంలో ఆరబోయాలి, రోజూ తిరగేయాలి, తెల్లబారిన తాలుకాయ ఏరి పక్కన పోయాలి. మా ఊరి మనుషులు చాలరు. అందుకే సంక్రాంతి వెళ్లగానే భద్రాచలం అడవుల నుంచి, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి బొలెరోల్లో, డీసీఎంల్లో ముఠాలు దిగుతాయి. మేస్త్రికి రైతు ముందే అడ్వాన్స్ ఇస్తాడు. ముఠా అంటే మొగుడూ పెళ్లాలే కాదు. బియ్యం మూట, గిన్నెలు, కోడి, చంటిపిల్ల, ఆ చంటిపిల్లని ఎత్తుకునే పిల్ల, అందరూ దిగుతారు. కాలవ పక్కన పరదాలతో గుడిసెలు వేసుకుంటారు. ఏప్రిల్ దాకా అదే ఇల్లు.

ఇదంతా నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. వాళ్ల పిల్లలు ఏ క్లాసు అన్న ఆలోచన మాత్రం నాకెప్పుడూ రాలేదు. వాళ్లు ‘కోతకొచ్చిన పిల్లలు’, అంతే. నేను స్కూల్ బస్సు ఎక్కేటప్పుడు గట్టు మీద కూర్చుని నా బూట్లు చూసేవాళ్లు.

“వీళ్లలో కొంతమంది అమ్మానాన్నలది అసలు ఈ రాష్ట్రమే కాదు,” అన్నారు మేడం. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వా జుడుం మొదలైంది. మావోయిస్టులకి వ్యతిరేకంగా అంటూ ఆదివాసీల మీదకి ఆదివాసీలనే ఉసిగొల్పారు. ఊళ్లు తగలబడ్డాయి. అటూ ఇటూ నలిగి వేలమంది సరిహద్దు దాటి ఇవతలి అడవుల్లోకి వచ్చేశారు. ఇక్కడ వాళ్లని గుత్తికోయలు అంటాం. ఆదివాసీ యువకుల్ని స్పెషల్ పోలీసులుగా పెట్టి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికే ఇవతల గుడిసెలు వేసుకున్నవాళ్లకి పిల్లలు పుట్టేశారు. ఇక్కడ వాళ్లకి ఎస్టీ సర్టిఫికెట్ దొరకడం కష్టం. అది లేకపోతే ముందు ముందు హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్ ఏదీ సులువుగా రాదు. పుట్టింది ఇక్కడే, చదివేది తెలుగే, కానీ కాగితం లేదు.

నా చిన్నప్పుడు భద్రాచలం, చింతూరు అంతా ఖమ్మం జిల్లానే. 2014లో చింతూరు ఆంధ్రలోకి, 2016లో భద్రాచలం కొత్త జిల్లాలోకి పోయాయి. అంటే గట్టు మీద నా బూట్లు చూసిన పిల్లల్లో చాలామంది నా జిల్లావాళ్లే. అది కూడా నాకు ఆ చింతపండు గుట్ట దగ్గరే తట్టింది.

*

వరండాలో ఉన్న ముసలివాళ్లలో ఒక తాత ఉన్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. వయసులో ఉన్నప్పుడు తునికాకు కల్లాల్లో పనిచేశాడు. ఎండాకాలం అంతా అడవిలో ఆకు కట్టలు లెక్కపెట్టే పని. ఆ లెక్కల్లో కోయభాష పట్టుబడింది. పెళ్లాం పోయింది, కొడుకు ఎటో పోయాడు, ఈయన ఇక్కడికి చేరాడు. ముసలివాళ్లు ఊరికే వరండాలో కూర్చుంటారని నేననుకున్నా గానీ, ఇక్కడ అందరికీ డ్యూటీలు ఉన్నాయి. ఒకావిడ జడలు వేస్తుంది. ఒకాయన రాత్రి గేటు చూస్తాడు. ఈ తాత, మేడం మాటల్లో, “జీతం లేని ఇంటర్‌ప్రెటర్.”

నాలుగేళ్ల కింద ఒక పాప కొత్తగా వచ్చిందట. తెలుగు ఒక్క ముక్క రాదు. క్లాసులో కూర్చుని “ఏర్, ఏర్” అంటోంది. టీచర్ ఏరు అనుకుంది. వాగు గుర్తొస్తోందేమో, పాపం ఇంటి మీద బెంగ పెట్టుకుందని బుజ్జగించి, బోర్డు మీద ఏరు బొమ్మ కూడా గీసి చూపించిందట. పాప ఇంకా ఏడుపు. చివరికి వరండాలోంచి తాత అరిచాడు. “ఓ పంతులమ్మా! దానికి దాహం అవుతోంది. ఏర్ అంటే నీళ్లు!”

ఆ మాట చెప్పి తాత పళ్లు లేని నవ్వు నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత ఆలోచిస్తే, ఒక పిల్ల దాహం దాహం అని అడుగుతుంటే క్లాసంతా బొమ్మ చూపించడం అంత నవ్వొచ్చే విషయమేం కాదు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులు మొదలుపెట్టారు, వాచకాలు కూడా వేశారు. కానీ ఆ పుస్తకాలు అడవిలో బడికి కదా. పిల్లలు జనవరిలో మిరప చేలో ఉంటే అక్కడి పుస్తకం అక్కడే ఉంటుంది.

*

ఇప్పుడు ఫోన్ సంగతి. గింజలు తీస్తూ తీస్తూ, వేపచెట్టు కింద పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతుంటే బాగుందని రెండు ఫొటోలు తీశాను. ఎండ పడుతూ నిజంగా చాలా బాగా వచ్చాయి. స్టేటస్ పెట్టబోతున్నా. ‘అనాథ పిల్లలతో నా ఆదివారం’ అని టైప్ చేశాను కూడా.

“ఏదీ, చూపించమ్మా,” అన్నారు మేడం. చూసి, కళ్లద్దాలు తీసి, ఫోన్ నా చేతికిచ్చి, “తీసెయ్,” అన్నారు. అప్పటిదాకా ‘మీరు’ అన్నావిడ ‘నువ్వు’లోకి దిగారు.

“వీళ్లలో అమ్మా నాన్నా ఇద్దరూ లేనివాళ్లు ఎంతమందో తెలుసా? ఇద్దరు. మిగతా వాళ్లందరికీ ఉన్నారు. అమ్మ బతికుండగా నిన్ను అనాథ అని ఊరంతా చాటితే నీకెట్టా ఉంటుంది?”

రెండేళ్ల కింద ఒక కుర్రాడు కేకు కట్ చేసి వీడియో పెట్టాడట. వెనక సాడ్ మ్యూజిక్. అది తిరిగి తిరిగి ఒక పాప వాళ్ల మేస్త్రి ఫోన్‌లోకి వచ్చింది. వాడు పాప తల్లికి చూపించాడు. ఆ తల్లి పది కిలోమీటర్ల అవతల చేలో కాయ కోస్తోంది. కోత మధ్యలో వదిలేసి నడుచుకుంటూ వచ్చి, “నేను చచ్చిపోయానని రాసిందెవరు?” అని గేటు దగ్గర కూర్చుండిపోయింది. పాపని తీసుకెళ్లిపోతానంది. మళ్లీ నచ్చజెప్పడానికి వారం పట్టింది.

చట్టం కూడా ఉంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం, సెక్షన్ 74. సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, ఊరు, బడి, ఫొటో, వాళ్లని గుర్తుపట్టేలా ఏదీ పేపర్లోగానీ టీవీలోగానీ ఇంకే రకంగా గానీ బయటికి రాకూడదు. ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. నేను ఇంత చదువుకుని ఇది వినడం అదే మొదటిసారి. ఇక్కడ ఊరి పేరు ఎందుకు రాయలేదో అర్థమైంది కదా.

ఇది మన దగ్గర జబ్బు ఒక్కటే కాదు. హ్యారీ పోటర్ రాసిన జె.కె. రౌలింగ్ ‘లూమోస్’ అని ఒక సంస్థ పెట్టింది. వాళ్లు ఏళ్ల తరబడి చెప్తున్న మాట ఇదే. ప్రపంచమంతటా అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి అమ్మో నాన్నో బతికే ఉన్నారు, వాళ్లని అక్కడికి చేర్చింది చాలాసార్లు పేదరికమే అని.

ఫొటోలు డిలీట్ చేశాను. రీసెంట్లీ డిలీటెడ్‌లోంచి కూడా.

*

మధ్యాహ్నం భోజనాలు ఎవరో ఖమ్మం వాళ్లవి. పిల్లలు కళ్లు మూసుకుని దండం పెట్టి, తెరిచి, తిన్నారు. చేతులు కడుక్కునే పంపు దగ్గర పదకొండేళ్ల అమ్మాయి ఒకతి నా పక్కన నిలబడింది. చాలాసేపట్నుంచి నన్నే చూస్తోందని నాకు తెలుస్తోంది.

“అక్కా, మీది కాలవ కట్ట మీద నీలం రేకుల షెడ్డున్న చేను కదా?”

“అవును. నీకెట్టా తెలుసు?”

“మీ కల్లంలో తాలుకాయ ఏరాను. నేనిక్కడికి రాకముందు.” వేళ్లు చూపించింది. “మీ ముసలమ్మ మజ్జిగ పోసేది. బాగుందా?”

ఎవరి పేరు మీద వచ్చానో నేనెవరికీ పెద్దగా చెప్పలేదు. గేటు దగ్గర బుడ్డోడికి తప్ప.

“చనిపోయింది. రేపటికి ఏడాది.”

ఆ అమ్మాయి పంపు కట్టేసింది. కాసేపాగి, “ఉప్పు ఎక్కువేసేది,” అంది.

అవును, ఎక్కువేసేది. ఎండలో పనిచేసేవాళ్లకి ఉప్పు పడాలి అనేది. నాకు అక్కడే ఏడుపొచ్చింది. ఏడాదిగా మా ఇంట్లో నాయనమ్మ గురించి ఎంతోమంది ఎన్నో మాట్లాడారు. ఆ ఉప్పు సంగతి ఎవరూ అనలేదు.

సాయంత్రం ఇంటికొచ్చాక ఫోన్‌లో పాత ఫొటోలు వెతికాను. దొరికింది. మూడేళ్ల కిందటిది. నీలం షెడ్డు ముందు ఎర్రటి కల్లం, మధ్యలో తెల్ల చుడీదార్లో నేను, చేతులు చాపి. కింద మిర్చి ఎమోజీలు. ఎడమ మూలన, ఫ్రేమ్ చివర, గొంతుక్కూర్చుని ఉన్న ఒక పిల్ల వీపు. ఆ అమ్మాయేనా అంటే చెప్పలేను. వీపుని బట్టి ఎలా గుర్తుపడతాం? కాకపోతే ఇంకో పిల్ల. అప్పట్లో ఎంతోమంది లైక్ కొట్టారు. ఒక్కరు కూడా ఆ మూల ఎవరు అని అడగలేదు.

*

మేడం నన్ను పంపించేటప్పుడు అడిగింది అన్నదానం కాదు. “ఇంకో వారంలో ముఠాలు దిగుతాయి. మీ నాన్నగారు మేస్త్రితో ముందే ఒక మాట చెప్పాలి. కోత మొదలయ్యాక చెబితే లాభం లేదు. పిల్ల సగం కూలీ కూడా లెక్కేసుకునే వాళ్లు బయల్దేరతారు. పిల్లల్ని పగలు ఇక్కడికి పంపండి. బడి ఉంటుంది, అన్నం నేను పెడతాను. రాత్రికి అమ్మ దగ్గరికే పోతారు. తీసుకురావడానికి, దింపడానికి ఆటో కావాలి. మీ లంచ్ డబ్బులు ఆటోకి ఎన్నాళ్లొస్తాయో చూసుకోండి.”

చూసుకున్నాను. ఐదు వారాలు వస్తాయి. ఆటో మీద నాయనమ్మ పేరు రాయించలేం, అది వేరే సంగతి.

వలస కూలీల పిల్లల కోసం సమగ్ర శిక్షా కింద సీజనల్ హాస్టళ్లు అనే ఏర్పాటు కూడా ఉంది. మేడం దాని కోసం కాగితాలు పెడుతూనే ఉన్నారు. ఈలోగా జనవరి ఆగదు కదా.

ఆ రాత్రి నాన్నతో మాట్లాడాను. మాట్లాడాను అనడం కంటే గొడవ పడ్డాను అంటే కరెక్టు.

“పిల్లల్ని నేను రమ్మన్నానా? తల్లి వెంట వస్తారు. గుడిసెలో వదిలేస్తే పాము కరవదా, కాలవలో పడరా? చేలో ఉంటే కళ్లముందు ఉంటారు.”

“ఉంటే సరే. కాయ ఎందుకు కోయించాలి?”

“నేను కోయించానా? వాళ్లే కోస్తారు. కోశాక కూలి ఇవ్వకుండా ఎట్టా?”

“సగం కూలి.”

“సగం పనికి సగం కూలి. మీ నాయనమ్మ మజ్జిగ పోసింది, నేను ఎవరి కూలీ ఎగ్గొట్టలా. ఇంకేం చేయమంటావ్? క్వింటా ధర ఎంత పడిందో తెలుసా నీకు? కోత ఖర్చు ఎంతో తెలుసా? నీ ఇంజినీరింగ్ ఫీజు ఎక్కడ్నుంచి వచ్చిందనుకున్నావ్?”

అదే కదా. నాకు తెలిసింది అదే, ఆ పూట మొదటిసారి. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదని 2016లో చట్టం మార్చారు. సొంత ఇంటి పనిలో, అదీ బడి అయ్యాక సాయం చేయడం తప్ప. ఆరు నుంచి పద్నాలుగేళ్ల దాకా చదువు హక్కు అని 2009లోనే చట్టం చేశారు. ఇవన్నీ ఫోన్‌లో తీసి చదివి వినిపించాను. నాన్న వినలేదు. లేచి పశువుల దగ్గరికి వెళ్లిపోయాడు. చట్టం చదివి వినిపించేది కన్న కూతురైతే ఎవరికైనా కోపం వస్తుంది, అది నా తప్పే.

మర్నాడు సంవత్సరీకం అయ్యాక, పంతులుగారు వెళ్లాక, ఆ ఉప్పు సంగతి చెప్పాను. చట్టం ఊసెత్తలేదు. నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మేస్త్రికి ఫోన్ చేశాడు. “ఒరేయ్, ఈసారి పిల్లల్ని చేలోకి దింపొద్దు. ఆటో పెడుతున్నాం, బడికి తోలండి... అదేందిరా, కూలి పెంచమంటే నావల్ల కాదు. నేనొక్కణ్ణే పెంచితే పక్క చేలవాళ్లు నన్ను ఊళ్లో ఉండనిస్తారా? గుడిసెకో బస్తా బియ్యం ఇస్తా. చెప్పు వాళ్లకి.”

బస్తా బియ్యం ఒక పిల్ల మూడు నెలల సగం కూలీకి సరిపోతుందా? సరిపోదు. నాకూ తెలుసు, నాన్నకీ తెలుసు, మేస్త్రికి అందరికంటే బాగా తెలుసు.

ముఠా ఫిబ్రవరి మొదటి వారంలో దిగింది. మా చేనికి వచ్చినవాళ్లలో పిల్లలు ఏడుగురు. ఆరుగురు ఆటో ఎక్కారు. ఏడోవాడిని అడిగితే పదిహేనేళ్లు అన్నాడు తండ్రి. మేడం వచ్చి చూసి, “పన్నెండు దాటి ఉంటే నన్నడగండి” అన్నారు. ఆధార్ అడిగితే ఊళ్లో ఉందన్నారు. వాడు రెండు రోజులు బడికి వెళ్లి మూడో రోజు మళ్లీ చేలో కనపడ్డాడు. నాన్న చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఫోన్‌లో నాకు ఆ మాట చెప్పింది మాత్రం నాన్నే. నేను ఇక్కడ హైదరాబాద్‌లో కూర్చుని ఏం చేయగలను, మళ్లీ మేడంకి ఫోన్ చేశాను. ఆవిడ మళ్లీ వెళ్లారు. ఇప్పటికీ వాడు ఒక వారం ఇటు, ఒక వారం అటు.

ఇంకో పాప ఆటో ఎక్కడం మానేసింది, చంటి తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి మనిషి లేక. తమ్ముణ్ణి కూడా తీసుకురమ్మన్నారు మేడం. వరండాలో జడలు వేసే అవ్వ వాణ్ణి చూసుకుంటోంది. దాంతో అవ్వకి జడల డ్యూటీ పోయింది, తాతకి పడింది. ఆయన వేసే జడలు చూడాలి మీరు.

మార్చిలో ఒక శుక్రవారం రాత్రి ఊరెళ్లాను. శనివారం పొద్దున నాన్న లేపాడు. ఆటో డ్రైవర్ రాలేదు, వాళ్ల ఊళ్లో పెళ్లట. పిల్లలు కట్ట మీద బ్యాగులు తగిలించుకుని నిలబడ్డారు. కాసేపు చూసి వాళ్లలో పెద్దది చేలోకి దిగబోతోందని నాన్నే అన్నాడు. స్కూటీ తీశాను. ఒక్కో ట్రిప్పుకి ఇద్దరే పడతారు.

గేటు దగ్గర ఆ బుడ్డోడే.

“అక్కా, బర్త్‌డేనా, ఎవరైనా చచ్చిపోయారా?”

“రెండూ కాదురా. ఆటో రాలేదు.”

వాడు దిగిన ఇద్దరినీ చూశాడు. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు.

“మిగతా వాళ్లేరి?”

“తెస్తున్నా,” అని స్కూటీ తిప్పాను.